తొలి క్షీరదాలు, వాటి అంతరించిన దాయాదులు

క్షీరదం అంటే పాలిచ్చేది. చిక్కంతా ఆ పేరులోనే ఉంది. పాలు శిలాజం కావు. పొదుగు శిలాజం కాదు. వెంట్రుకలు ఎప్పుడో గాని రాతి మీద అచ్చు పడవు. ఇరవై కోట్ల ఏళ్ల కిందట చచ్చి మట్టిలో కలిసిన జంతువు తన పిల్లలకు పాలిచ్చిందా లేదా అని తేల్చాలంటే చేతికందే సాక్ష్యం ఎముక, అంతకన్నా ఎక్కువగా పన్ను. ఆ సాక్ష్యానికి తెలుగులో పేరు ముందే కుదిరి ఉంది: పాలపళ్లు.

బల్లికీ మొసలికీ బతికినన్నాళ్లూ పళ్లు ఊడుతూ, కొత్తవి వస్తూ ఉంటాయి. గుడ్డులోంచి బయటపడిన నాటి నుంచే అవి కొరికి తినాలి. దవడ పెరిగే కొద్దీ పాత పన్ను చాలదు. మనకు అలా కాదు. పుట్టిన బిడ్డ బోసినోటితో పాలు తాగుతుంటే దవడ పెరుగుతుంది. ఆ తర్వాత ఒక విడత పాలపళ్లు, మరో విడత శాశ్వత దంతాలు, అంతే. పళ్లు రెండే విడతలుగా వచ్చాయని శిలాజంలో కనబడితే, ఆ జంతువు పసితనం పాల మీద గడిచిందని ఊహించడానికి బలమైన ఆధారం దొరికినట్టే. తొలి క్షీరదాల వర్గీకరణ అంతా ఇలాంటి ఊహల మీద, గింజంత పళ్ల మీద కట్టిన శాస్త్రం. అందుకే అది పదేళ్లకోసారి మారుతూ ఉంటుంది.

ఈనాడు బతికున్న క్షీరదాలు ఆరు వేల జాతులకు పైనే. వాటిని మూడు గుంపులు చేస్తారు. గుడ్లు పెట్టే ప్లాటిపస్, ఎకిడ్నాలు ఒక గుంపు. వీటిలో మిగిలినవి 5 జాతులే. కంగారూ, అపోజం వంటి శిశుకోశ క్షీరదాలు రెండో గుంపు. ఎలుక నుంచి ఏనుగు దాకా, గబ్బిలం నుంచి తిమింగలం దాకా, మనతో సహా, మిగిలినవన్నీ జరాయు క్షీరదాలు. ఈ మూడింటిని పోల్చడం కష్టం కాదు. ఇవి విడిపోక ముందు, విడిపోతున్న కాలంలో బతికి, వంశం నిలవక పోయిన పదుల కొద్దీ శాఖలను ఎక్కడ ఉంచాలన్నదే ఈ వ్యాస విషయం.

పలకరాళ్ల దవడ

కార్ల్ లినీయస్ 1758లో స్తనాలను గుర్తుగా తీసుకుని ఈ విభాగానికి మమ్మేలియా అని పేరు పెట్టాడు. అప్పటికి అతని ముందున్నవి బతికున్న జంతువులే కాబట్టి ఇబ్బంది రాలేదు. ఇబ్బంది ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర స్టోన్స్‌ఫీల్డ్ గ్రామంలో మొదలైంది. అక్కడ ఇళ్ల కప్పులకు వాడే పలకరాయి తవ్వేవారు. ఆ రాళ్లలో దొరికిన చిన్న దవడ ముక్కలను 1818లో ఆక్స్‌ఫర్డ్ వచ్చిన ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జ్ క్యువియే చూసి, ఇవి అపోజం లాంటి జంతువులవి అన్నాడు. విలియం బక్‌లాండ్ 1824లో మెగలోసారస్ అనే పెద్ద సరీసృపాన్ని లోకానికి ప్రకటించిన వ్యాసంలోనే ఈ చిన్న దవడల సంగతీ చెప్పాడు. ఇవాళ ఆ వ్యాసాన్ని అందరూ డైనోసార్ కోసమే తలుచుకుంటారు. ఆనాడు మాత్రం పండితులను కుదిపింది ఈ దవడలే. సరీసృపాలు ఏలిన కాలంలో క్షీరదాలు ఉండకూడదని అప్పటి నమ్మకం.

ఫ్రెంచి పండితుడు బ్లేన్‌విల్ 1838లో ఇవి క్షీరదాలు కావేమో అని వాదించాడు. రిచర్డ్ ఓవెన్ అదే ఏడాది వాటిని మళ్లీ పరిశీలించి, కింది దవడ ఒకే ఎముకతో ఉందని, దవడ పళ్లకు రెండేసి వేళ్లున్నాయని చూపించి క్యువియే మాటే నిలబెట్టాడు. సరీసృపాల కింది దవడ పలు ఎముకల అతుకు. క్షీరదాలది ఒక్కటే ఎముక. ఓవెన్ పట్టుకున్న ఈ గుర్తు తర్వాత నూరేళ్లకు పైగా క్షీరదం అనే మాటకు కొలబద్ద అయింది.

అమెరికా శాస్త్రవేత్త జార్జ్ గేలార్డ్ సింప్సన్ ఇంకా ముప్పై ఏళ్లు నిండకుండానే, 1928, 1929లలో, బ్రిటిష్ మ్యూజియంలోనూ అమెరికాలోనూ ఉన్న డైనోసార్ల కాలపు క్షీరద శిలాజాలన్నిటినీ రెండు పెద్ద గ్రంథాలుగా కూర్చాడు. 1945లో అతను అచ్చువేసిన క్షీరద వర్గీకరణ ఒక తరానికి పాఠ్యగ్రంథం. అయినా తొలి క్షీరదాల విషయంలో సింప్సన్‌కు ఒక అనుమానం ఉండేది. సరీసృపాల లాంటి పూర్వీకుల్లో వేర్వేరు శాఖలు విడివిడిగా క్షీరద గడప దాటి ఉంటాయని, అంటే క్షీరదాలకు ఒకే మూలపురుషుడు లేడని, 1959లో అతను వాదించాడు. ఈ వాదం ఇప్పుడు నిలవలేదు. కానీ గడప అనేది మనం పెట్టుకున్నదే అన్న అతని ఇంగితం మాత్రం ఈనాటికీ పనికొస్తుంది.

కణత వెనక కిటికీ

కణత మీద వేలు పెట్టి పళ్లు గట్టిగా కొరకండి. వేలి కింద కండ కదులుతుంది. ఆ కండకు చోటిచ్చిన రంధ్రమే మన వంశానికి మొదటి ఆనవాలు. నేల మీద గుడ్డు పెట్టగలిగిన వెన్నెముక జంతువులు సుమారు 32 కోట్ల ఏళ్ల కిందట రెండు దారులు పట్టాయి. ఒక దారిలో తాబేళ్లు, బల్లులు, పాములు, మొసళ్లు, డైనోసార్లు, పక్షులు వచ్చాయి. రెండో దారి వాటికి కపాలంలో కంటి వెనక ఒక్కొక్క వైపు ఒకే రంధ్రం. వీటిని సినాప్సిడ్లు అంటారు. కెనడాలోని నోవా స్కోషియాలో దొరికిన ఆర్కియోథైరిస్ వీటిలో బాగా పాతది. దాని వయసు 30 కోట్ల ఏళ్లు దాటింది.

ఈ వంశాన్ని చాలాకాలం క్షీరదాల వంటి సరీసృపాలు అన్నారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ మాట ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. ఇది తప్పు, మార్చాల్సిన తప్పు. సరీసృపాల వంశమూ సినాప్సిడ్ల వంశమూ మొదటినుంచీ వేరు కాపురాలే. వీపు మీద తెరచాప ఉన్న డైమెట్రోడాన్‌ను పిల్లల డైనోసార్ బొమ్మల పెట్టెలో పెట్టి అమ్ముతుంటారు. అది డైనోసార్ కాదు. డైనోసార్లు పుట్టడానికి నాలుగైదు కోట్ల ఏళ్ల ముందే అంతరించిన సినాప్సిడ్. ఊసరవెల్లి కన్నా మనకే దగ్గరి చుట్టం.

పెలికోసార్లు అని కలిపి పిలిచే ఈ తొలి సినాప్సిడ్ల నుంచి పర్మియన్ యుగం నడిమికి థెరాప్సిడ్లు వచ్చాయి. దక్షిణాఫ్రికా కరూ ఎడారిలో వీటిని వెతికి పోగుచేసిన రాబర్ట్ బ్రూమ్ 1905లో ఆ పేరు పెట్టాడు. వీటిలో చిలుక ముక్కు లాంటి మూతితో, రెండు కోరలతో మేసే డైసైనోడాంట్లు ప్రపంచమంతా వ్యాపించాయి. మన గోదావరి, ప్రాణహిత లోయల్లోనూ ఉన్నాయి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా కుందారం రాళ్లలో దొరికిన ఎండోథియోడాన్‌లో ఒక జాతికి సంఖ్యాశాస్త్రవేత్త మహలనోబిస్ పేరు పెట్టారు. ఎర్రపల్లి రాళ్లలో దొరికినదానికి వాడియాసారస్ అని భూగర్భ శాస్త్రవేత్త డి.ఎన్. వాడియా పేరు. దామోదర్ లోయలో దొరికే లిస్ట్రోసారస్ దక్షిణాఫ్రికాలోనూ అంటార్కిటికాలోనూ దొరుకుతుంది. ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవనడానికి అది చెప్పే సాక్ష్యం అందరికీ తెలిసిందే.

పర్మియన్ చివర, 25.2 కోట్ల ఏళ్ల కిందట, జీవరాశిలో అధిక భాగం తుడిచిపెట్టుకుపోయింది. ఆ గండం గట్టెక్కిన కొద్దిపాటి థెరాప్సిడ్లలో సైనోడాంట్లు ఒకటి. పేరుకు అర్థం కుక్కపళ్లు. కుంతకాలు, రదనికలు, చర్వణకాలు అని పళ్లు వేర్వేరు పనులకు విడిపోవడం వీటిలో స్పష్టంగా కనిపిస్తుంది. నోటికీ ముక్కుకీ మధ్య గట్టి అంగిలి వచ్చింది కాబట్టి నములుతూ ఊపిరి పీల్చుకోగలిగాయి. నడుం దగ్గర పక్కటెముకలు కురచ అయ్యాయి. కింది దవడలో పళ్లున్న ఎముక పెరిగి, వెనకున్న మిగతా ఎముకలు కుంచించుకుపోయాయి. తెలంగాణ మాలేరి రాళ్లలో దొరికిన ఎక్సెరెటోడాన్ ఈ తెగలో మేత మేసే రకం. దాని జాతి పేరు కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను తలుచుకుంటూ పెట్టింది.

క్షీరదాలకు అతి దగ్గరి సైనోడాంట్లు ఏవన్నది తేలని పోటీ. ఎలుకలాగా ముందుపళ్లూ వెనక నమిలే పళ్లూ ఉన్న ట్రైటిలోడాంటిడ్లు ఒక అభ్యర్థి. 2003లో హోసే బోనపార్టే బృందం బ్రెజిల్ దక్షిణ భాగం నుంచి వర్ణించిన బ్రసిలోడాన్ మరొకటి. నేటి విశ్లేషణల్లో ఎక్కువ మొగ్గు బ్రసిలోడాన్ వైపే. దాని దవడలను కోసి చూసిన బృందం, 22.5 కోట్ల ఏళ్ల నాటికే దానికి రెండు విడతల పళ్లు వచ్చాయని 2022లో ప్రకటించింది. ట్రైటిలోడాంటిడ్లది మరో కథ. అరిజోనాలో దొరికిన కాయెంటాథీరియం పక్కన కనీసం 38 పసికూనలు కుప్పగా ఉన్నట్టు 2018లో తేలింది. ఏ క్షీరదమూ ఒక ఈతలో అన్ని కనదు. కూనల తలలు పెద్దదాని తలకు చిన్న నకలులా ఉన్నాయి. మన పిల్లలకున్నట్టు మూతి కురచగా, నుదురు ఉబ్బెత్తుగా లేవు. మెదడు పెద్దదయ్యాకే ఈతలు చిన్నవయ్యాయని దీన్నిబట్టి అనుకుంటున్నారు.

దవడ ఎముక చెవిలోకి

ఓవెన్ గుర్తు దగ్గరికి మళ్లీ వద్దాం. సరీసృపాల్లో కింది దవడ చివర ఆర్టిక్యులర్ అనే ఎముక, కపాలంలోని క్వాడ్రేట్‌తో కీలు కడుతుంది. మనకు ఆ కీలు లేదు. పళ్లున్న దవడ ఎముకే నేరుగా కపాలానికి తగులుతుంది. మరి ఆ రెండు ఎముకలు ఏమయ్యాయి? జర్మన్ శరీర శాస్త్రవేత్త కార్ల్ రైకెర్ట్ 1837లో పంది పిండాలను కోసి చూసి జవాబు చెప్పాడు. ఆర్టిక్యులర్ మన చెవిలో కూటకం అయింది. క్వాడ్రేట్ దాగలి అయింది. కర్ణాంతరాస్థి మాత్రం ముందునుంచీ చెవిదే. ఒకప్పుడు నమలడానికి వాడిన కీలుతో ఇప్పుడు వింటున్నాం.

ఇది నమ్మశక్యంగా లేదని చాలామంది అన్నారు. మధ్యలో ఉన్న జంతువు నోరు ఎలా తెరిచి ఉంటుందని వారి ప్రశ్న. జవాబు శిలాజాల్లో దొరికింది. 1958లో ఆల్ఫ్రెడ్ క్రాంప్టన్ దక్షిణాఫ్రికా నుంచి వర్ణించిన డయార్త్రోగ్నాథస్‌కు రెండు కీళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. పేరే రెండు కీళ్ల దవడ అని. కొత్త కీలు పని అందుకున్నాక పాతదానికి దవడ బరువు తగ్గింది. ఇంకా సులువైన రుజువు అపోజం పిల్ల. అది పుట్టినప్పుడు దాని దవడ ఈ పాత కీలు మీదే ఆడుతుంది. కొన్ని వారాలకు కొత్త కీలు ఏర్పడి, పాత ఎముకలు చెవిలోకి జరుగుతాయి. పరిణామం కోట్ల ఏళ్లలో చేసిన పని తల్లి సంచిలో కళ్లెదుట జరుగుతుంది.

చెవి ఎముకలు దవడ నుంచి పూర్తిగా విడిపోవడం ఒక్కసారే జరగలేదని, వేర్వేరు శాఖల్లో విడివిడిగా జరిగిందని ఇప్పుడు చాలామంది అంగీకరిస్తున్నారు. చైనాలో దొరికిన యానోకోనోడాన్, 2011లో వర్ణించిన లియావోకోనోడాన్ వంటి వాటిలో చెవి ఎముకలు దవడకు సన్నని ఎముక పుల్లతో ఇంకా అంటుకునే ఉన్నాయి. దీంతో ఓవెన్ కొలబద్దకు విలువ తగ్గింది. రెండు కొమ్మలు ఒకే గుర్తును విడివిడిగా సంపాదించుకుంటే ఆ గుర్తుతో చుట్టరికం కలపలేం.

ఇంటిపేరు ఎవరిది

వేల్స్‌లోని గ్లమోర్గన్ ప్రాంతపు సున్నపురాతి గనుల పగుళ్లలో చిక్కుకున్న పళ్లను జర్మనీ నుంచి వచ్చి ఇంగ్లండులో తలదాచుకున్న వాల్టర్ క్యూనె వెలికితీశాడు. 1949లో ఆ జంతువుకు మోర్గనూకోడాన్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత అదే ప్రాంతం నుంచి కెన్నెత్ కెర్మాక్ బృందం వేల కొద్దీ ముక్కలు తీసింది. తొలి క్షీరదం ఎలా ఉండేదని అడిగితే ఎవరైనా గీసే బొమ్మ దీనిదే. చుంచెలుకంత ఒళ్లు, పొడుగు మూతి, 20 కోట్ల ఏళ్లు దాటిన వయసు. దవడకు కొత్త కీలు వచ్చింది. పాత కీలు కూడా పోలేదు. పళ్లు రెండే విడతలు. అదే గనుల్లో దొరికే కుహ్నియోథీరియంకు క్యూనె పేరే పెట్టారు. ఈ రెండూ ఏం తినేవో పళ్ల అరుగుదల చూసి 2014లో ఒక బృందం తేల్చింది: ఒకటి గట్టి పెంకు పురుగులు, రెండోది మెత్తని పురుగులు. పంటి వేళ్ల మీద ఏటేటా పేరుకునే పొరలను లెక్కపెట్టిన వారు 2020లో ఇంకో విశేషం చెప్పారు. మోర్గనూకోడాన్ 14 ఏళ్ల దాకా బతికేదట. ఈనాడు ఆ పరిమాణంలోని చుంచెలుక రెండేళ్లు బతికితే గొప్ప. చూడ్డానికి క్షీరదమే గాని, దాని ఒంటి వేడి, బతుకు వేగం మాత్రం బల్లికి దగ్గర అని దాని అర్థం.

మరి మోర్గనూకోడాన్ క్షీరదమా? 1988 దాకా ఈ ప్రశ్నకు అందరూ ఔననే అనేవారు. ఆ ఏడాది టెక్సస్ శాస్త్రవేత్త తిమోతి రో లెక్క మార్చాడు. పళ్లను బట్టి, కీళ్లను బట్టి కాకుండా వంశాన్ని బట్టే పేరు పెట్టాలన్నాడు. బతికున్న మూడు గుంపులకూ, అంటే ప్లాటిపస్‌కూ కంగారూకూ మనకూ, చిట్టచివరి ఉమ్మడి తాత ఎవరో ఆయన సంతతి మొత్తం క్షీరదాలు. ఆ తాతకు ముందే కాపురం వేరుపడ్డ వారు దాయాదులు. వారినీ కలుపుకునే పెద్ద ఇంటిపేరు, మమ్మేలియాఫార్మ్స్. ఆ పెద్ద పేరు కిందికి క్షీరదాలూ వస్తాయి, దాయాదులూ వస్తారు.

ఈ లెక్కన మోర్గనూకోడాన్ ఇంటి బయటికి వెళ్లిపోయింది. దాని కన్నా పాత పద్ధతి దంతాలున్న సైనోకోనోడాన్ కూడా అంతే. చైనా యునాన్‌లోని లూఫెంగ్ నుంచి 2001లో వర్ణించిన హాడ్రోకోడియం ఆ గీతకు అతి దగ్గర నిలిచింది. 19.5 కోట్ల ఏళ్ల నాటి ఆ కపాలం పొడవు 12 మిల్లీమీటర్లే. బతికున్నప్పుడు ఒళ్లు 2 గ్రాములని అంచనా. అయినా ఒళ్లుకు తగ్గ దానికన్నా మెదడు పెద్దది.

రో నిర్వచనాన్ని అందరూ ఒప్పుకోలేదు. జోఫియా కీలన్-యావొరోవ్‌స్కా, రిచర్డ్ సిఫెల్లి, లువో జెషీ 2004లో రాసిన ఉద్గ్రంథం సైనోకోనోడాన్‌ను కూడా క్షీరదాల్లోనే కలిపి గీత గీసింది. మంగోలియా గోబీ ఎడారిలో పోలండ్ యాత్రలు నడిపి డైనోసార్ల కాలపు చిన్న క్షీరదాల కపాలాలు తెచ్చినామె కీలన్-యావొరోవ్‌స్కా. శిలాజాలను చేత్తో పట్టుకునేవారికి గుర్తులతో కట్టిన నిర్వచనం అక్కరకొస్తుంది. బతికున్నవాటి జన్యువులతో పనిచేసేవారికి రో పద్ధతి పనికొస్తుంది. నేటి పరిశోధన వ్యాసాల్లో రో లెక్కే ఎక్కువగా వాడుకలో ఉంది. అది చక్కనిదే గాని, ఒక ఇరకాటం తెస్తుంది. 2006లో చైనాలో వర్ణించిన కాస్టరోకాడాకు నీటికుక్కలాంటి ఒళ్లు, వెడల్పు తోక, రాతి మీద స్పష్టంగా పడ్డ బొచ్చు ఉన్నాయి. వయసు 16.4 కోట్ల ఏళ్లు. అది డోకోడాంట్ల కుటుంబం, దాయాదుల్లో ఒకటి. అంటే బొచ్చు కప్పుకుని, ఈదుతూ చేపలు పట్టిన ఆ జంతువు క్షీరదం కాదు. సామాన్య పాఠకుడికి ఇది తిరకాసుగా తోస్తే తప్పు పాఠకుడిది కాదు.

పాత వర్గీకరణ ఇంతకన్నా పెద్ద పొరపాటు చేసింది. ప్లాటిపస్‌నూ, మోర్గనూకోడాన్‌నూ, పంటి మీద వరసలుగా గుబ్బలున్న మల్టీట్యుబర్క్యులేట్లనూ కలిపి ప్రోటోథీరియా అని ఒకే గూటిలో పెట్టింది. కారణం వీటికి శిశుకోశ, జరాయు క్షీరదాల లక్షణాలు లేకపోవడమే. లేనితనం చుట్టరికం కాదు. ఊళ్లో ఇల్లు లేనివాళ్లందరూ ఒక్క కుటుంబం అయిపోరు.

రోలూ రోకలీ

డైనోసార్ల కాలపు క్షీరదాల్లో చాలా వాటికి మిగిలింది పన్నే. అందుచేత కుటుంబాల పేర్లన్నీ పంటి పేర్లే. మూడు మొనలు వరసగా ఉంటే ట్రైకోనోడాంట్. మొనలు త్రికోణంగా ఉంటే సిమ్మెట్రోడాంట్. రెండు మూడు వరసల్లో గుబ్బలుంటే మల్టీట్యుబర్క్యులేట్. వరస మొనల నుంచి త్రికోణానికి, త్రికోణం నుంచి నేటి చర్వణకానికి ఒక్కటే దారి అని ఒకప్పటి పాఠం.

ఆ దారి చివర ఉన్నది ట్రైబోస్ఫెనిక్ పన్ను. ఈ మాట సింప్సన్ 1936లో పుట్టించాడు. రుద్దడం, చీలిక అనే గ్రీకు మాటల జోడింపు. తెలుగువారికి ఇంత కష్టం అక్కర్లేదు. పైపంటి లోపలి గుబ్బ రోకలి, కిందిపంటి వెనక ఉన్న గుంట రోలు. నోరు మూసినప్పుడు రోకలి రోట్లో పడుతుంది. అంచులు కత్తెరలా కోస్తాయి, గుంట నూరుతుంది. శిశుకోశ, జరాయు క్షీరదాల విజయానికి ఈ రోలే కారణమని, అది ఉత్తరాది ఖండాల్లో ఒక్కసారే పుట్టిందని దశాబ్దాల పాటు చెప్పేవారు.

1997లో ఆస్ట్రేలియా నుంచి ఆస్క్‌ట్రైబోస్ఫెనోస్, రెండేళ్లకు మడగాస్కర్ నుంచి అంబోండ్రో బయటపడ్డాయి. రెండూ దక్షిణాది ఖండాలవి, రెండింటికీ రోలున్న పళ్లు. మడగాస్కర్‌ది మధ్య జురాసిక్ నాటిది, ఉత్తరాదివాటి కన్నా పాతది. 2001లో లువో, సిఫెల్లి, కీలన్-యావొరోవ్‌స్కా దీనికి ధైర్యంగా జవాబు చెప్పారు. రోలు రెండుసార్లు పుట్టింది. ఉత్తరాన ఒకసారి, దక్షిణాన మరోసారి. దక్షిణాది శాఖకు ఆస్ట్రలోస్ఫెనిడా అని పేరు పెట్టి, దాన్ని ప్లాటిపస్ వంశంతో కలిపారు. ఈ కలయిక మీద తగువు ఇంకా ఉంది. అయినా పన్ను ఒక్కదాన్ని నమ్మి ఖండాంతరాల చుట్టరికాలు కట్టడం ఎంత ప్రమాదమో చూపించిన ఘట్టం ఇది.

మిగతా శాఖలను త్వరగా దాటవచ్చు. మల్టీట్యుబర్క్యులేట్లు జురాసిక్‌లో మొదలై, డైనోసార్లను మింగిన ప్రళయం దాటి, ఈయోసిన్ చివరి దాకా, పది కోట్ల ఏళ్లకు పైగా బతికాయి. ఇంత ఆయుష్షు ఇంకే క్షీరద క్రమానికీ లేదు. యూట్రైకోనోడాంట్లలో రెపెనోమామస్ పేరు మోసింది. 2005లో దాని కడుపులో పిల్ల డైనోసార్ ఎముకలు దొరికాయి. డైనోసార్ల కాళ్ల కింద నక్కి బతికిన పిరికి ఎలుకలన్న పాత చిత్రం అప్పటినుంచి చెరిగిపోతోంది. జరాయు క్షీరదాల వంశంలో 16 కోట్ల ఏళ్ల నాటి జురామయా 2011లో వచ్చింది. 12.5 కోట్ల ఏళ్ల నాటి ఇయోమయా 2002లో వచ్చింది. శిశుకోశ వంశంలో అదే వయసుదని 2003లో ప్రకటించిన సైనోడెల్ఫిస్‌ను, 2018లో ఇంకో బృందం తీసి జరాయు వంశం వైపు పెట్టింది.

ఒకే సంచికలో రెండు చెట్లు

హరామియిడ్లు ట్రయాసిక్ చివర కనిపించే చిన్న జంతువులు. పళ్లు చూస్తే మల్టీట్యుబర్క్యులేట్లకు తాతల్లా ఉంటాయి. అవి నిజంగా తాతలే అయితే, రో లెక్క ప్రకారం క్షీరదాల పుట్టుక 20 కోట్ల ఏళ్లకు ముందే ట్రయాసిక్‌లోకి వెళ్లిపోతుంది. కాకపోతే జురాసిక్‌లో ఆగుతుంది.

2013 ఆగస్టులో నేచర్ పత్రిక ఒకే సంచికలో చైనా నుంచి రెండు హరామియిడ్లను ప్రకటించింది. అర్బోరోహరామియాను వర్ణించిన బృందం, అది మల్టీట్యుబర్క్యులేట్లతో కలిసి క్షీరదమే అని వంశవృక్షం గీసింది. మెగాకోనస్‌ను వర్ణించిన బృందం, దాని చెవి ఎముకలు ఇంకా దవడకే ఉన్నాయి, క్షీరదాల బయటిది అని ఇంకో చెట్టు గీసింది. సమకాలీన జంతువులు, దగ్గరి చుట్టాలు, పూర్తి అస్థిపంజరాలు. అయినా కోట్ల ఏళ్ల తేడాతో రెండు జవాబులు. గాలిలో జారుతూ దిగే మైయోపటాజియం వంటివి 2017లో వెలుగులోకి వచ్చాక, బయటిదన్న పక్షం కాస్త బలపడింది. తీర్పు మాత్రం రాలేదు.

గోదావరి లోయ పళ్లు

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం ముందు నిలబడి ఫొటో దిగని బడిపిల్లలు అరుదు. ఉమ్మడి ఆదిలాబాద్ యామన్‌పల్లి దగ్గర కోటా రాళ్లలో దొరికిన ఆ డైనోసార్‌కు పేరు పెట్టింది భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి. అదే కోటా రాళ్ల బంకమట్టిని జల్లెడ పట్టి, మిగిలిన రవ్వను సూక్ష్మదర్శిని కింద ఏరితే ఒకటి రెండు మిల్లీమీటర్ల పళ్లు దొరుకుతాయి. నా లెక్కలో అవి డైనోసార్ కన్నా విలువైనవి. కానీ వాటి ముందు నిలబడి ఫొటో దిగలేం.

1981లో పి.ఎం. దత్తా వర్ణించిన కోటాథీరియం హల్డానీ, మన దేశపు జురాసిక్ క్షీరద శిలాజాల్లో మొదట పేరుకెక్కింది. జాతి పేరు, భారతదేశంలో స్థిరపడిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌ది. తర్వాత యాదగిరి ఇండోథీరియం ప్రాణహితై, మూడు మొనలున్న త్రిశూలోథీరియం వంటివి ప్రకటించాడు. పైకాసిగూడెం పేరు మీద పైకాసిగూడోడాన్ యాదగిరీ వచ్చింది. ఒక గూడెం పేరూ ఒక తెలుగు శాస్త్రవేత్త పేరూ కలిసిన లాటిన్ నామం అది. ఇండోబాటార్ జోఫియే అనే మల్టీట్యుబర్క్యులేట్‌కు 2013లో పెట్టిన జాతి పేరు కీలన్-యావొరోవ్‌స్కాదే. చాలా వాటికి ఆధారం ఒకటి రెండు పళ్లే కావడంతో, ఇవి ఏ కొమ్మ మీదివన్న విషయం ప్రతి కొత్త విశ్లేషణలోనూ కదులుతుంటుంది.

క్రెటేషియస్ చివరి నాటివి హైదరాబాద్‌కు పడమట, దక్కన్ లావా పొరల మధ్య చిక్కిన చెరువుల మట్టిలో ఉన్నాయి. ఒకప్పటి రంగారెడ్డి జిల్లా నస్కల్ నుంచి 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని వర్ణించిన డెక్కనోలెస్టిస్ హిస్లోపి, భారతదేశంలో దొరికిన మొదటి క్రెటేషియస్ క్షీరదం. నాగపూర్‌లో రాళ్లు వెతికిన మతబోధకుడు స్టీఫెన్ హిస్లాప్ పేరు అది. చీలమండ ఎముకలు చూస్తే చెట్లెక్కేదని తోస్తుంది. ఒకప్పుడు దాన్ని ప్రైమేట్ల దగ్గరికి కూడా తీసుకెళ్లారు. 2011 నాటి విశ్లేషణ దాన్ని జరాయు క్షీరదాల గడపకు బయట, దాయాదుల్లో నిలబెట్టింది.

గోండ్వానాథీర్లది ఇంకో వినోదం. గోండుల నేల పేరు గోండ్వానా, భూగర్భ శాస్త్రంలోకి వెళ్లి దక్షిణాది ఖండాలన్నిటికీ పేరైంది. అర్జెంటీనాలో బోనపార్టే 1986లో ఒక శిలాజానికి గోండ్వానాథీరియం అని పెట్టాడు. అదే వంశం తిరిగి మన దేశంలో దొరికితే 2007లో ఒక బృందం భారత్‌థీరియం బోనపార్టే అంది. అదే ఏడాది ఇంకో బృందం అదే జంతువును దక్షిణా జెడెరి అంది. ముందు అచ్చయినదానికే హక్కు కాబట్టి భారత్‌థీరియం నిలిచింది. వీటికి పళ్లు, దవడ ముక్కలు తప్ప ఆధారం లేని కాలం 2014లో మడగాస్కర్ నుంచి వింటానా కపాలం వచ్చే దాకా సాగింది. 2020లో అడాలథీరియం నిండు అస్థిపంజరమే వచ్చింది.

పన్ను ఎంత మోసం చేయగలదో చెప్పే కథ మధ్యప్రదేశ్‌ది. షహడోల్ జిల్లా టికి రాళ్లలో దొరికిన ఒక పైపన్నును 2005లో టికిథీరియం కోపీ అని, ట్రయాసిక్ నాటిదని వర్ణించారు. దాదాపు ఇరవై ఏళ్లు అది క్షీరద వంశవృక్షంలో, మొదలుకు దగ్గర కొమ్మ మీద కూర్చుంది. 2024లో ఇద్దరు రష్యన్ శాస్త్రవేత్తలు చుంచుల పళ్లతో పోల్చి, ఇది నియోజీన్ నాటి చుంచు పన్నే అన్నారు. అంటే వయసులో తేడా 20 కోట్ల ఏళ్లు.

హైదరాబాద్ చుట్టుపక్కలి క్రెటేషియస్ మట్టిలోనే, బాచారం దగ్గర, ఇంకో పన్ను దొరికింది. దాన్ని 2006లో వర్ణించిన బృందం, ఇది హరామియిడ్ కావచ్చు అంది. కావచ్చు అన్న మాట వారి వ్యాసం శీర్షికలోనే ఉంది. అదే నిజమైతే, మిగతా లోకంలో ఆ వంశం జాడ చెరిగిపోయిన కోట్ల ఏళ్ల తర్వాత కూడా దక్కన్‌లో ఒక కొమ్మ మిగిలిందన్నమాట. ఆ పంటికి వారు పెట్టిన పేరు అవశిష్ట.